గుండె మార్చుకున్న కొండ బండి

పుట్టింది ఇంగ్లండులో. పెరిగింది డార్జిలింగ్ తేయాకు తోటల్లో. వయసు అరవై దాటి డెబ్బైకి దగ్గరపడుతోంది. అయినా ఇప్పటికీ జనాన్ని మోసుకుంటూ పన్నెండు వేల అడుగుల ఎత్తు ఎక్కుతూనే ఉంది. పాత ల్యాండ్ రోవర్‌ను కొండదారికి తగ్గట్టు మార్చుకుని, మార్చుకుని, మూడు తరాలుగా బతుకుతున్న ఓ చిన్న ఊరి కథ ఇది.

దూరం 31 కిలోమీటర్లు. మన హైదరాబాద్‌లో ఎల్బీనగర్ నుంచి మియాపూర్ వెళ్లే మెట్రో మార్గం కన్నా ఓ రెండు కిలోమీటర్లు ఎక్కువ, అంతే. మెట్రో అయితే గంటలోపే దించేస్తుంది. ఇక్కడ మాత్రం పాత రోజుల్లో నాలుగు గంటలు పట్టేది. అదీ బండి ఎక్కడా మొరాయించకపోతే! ఎందుకంటే ఆ 31 కిలోమీటర్లలో బండి దాదాపు పదహారు వందల మీటర్ల ఎత్తుకు ఎక్కాలి. అంటే తిరుమల కొండను కింద నుంచి పైదాకా రెండుసార్లు ఎక్కినదానికన్నా ఎక్కువే.

పశ్చిమ బెంగాల్‌లోని డార్జిలింగ్ జిల్లాలో, సరిగ్గా నేపాల్ సరిహద్దు మీద ఉంటుంది మానేభంజంగ్. మానే అంటే బౌద్ధుల స్తూపం. భంజంగ్ అంటే రెండు కొండల నడుమ కనుమ. వీధికి ఇటువైపు మనదేశం, అటువైపు నేపాల్. టీ ఇక్కడ తాగి, బిస్కట్లు అక్కడ కొనుక్కోవచ్చు. ఇక్కణ్నుంచే సందక్‌ఫూ శిఖరానికి దారి. 3636 మీటర్ల ఎత్తున్న సందక్‌ఫూ పశ్చిమ బెంగాల్‌లోకెల్లా ఎత్తైన చోటు. ఆకాశం తేటగా ఉంటే ఎవరెస్టు, కాంచన్‌జంగ, లోత్సే, మకాలు... ప్రపంచంలోని అయిదు మహా శిఖరాల్లో నాలుగు ఒక్కచోట నిలబడి చూడొచ్చు.

ఆ దృశ్యం కోసం వచ్చినవాళ్లు ముందు మరో దృశ్యం చూసి ఆగిపోతారు. మానేభంజంగ్ వీధిలో వరసగా నిలబెట్టిన పాత ల్యాండ్ రోవర్లు! గుండ్రటి కళ్లలాంటి దీపాలు, చదునైన ముక్కు, రేకు తలుపులు, పక్కలంతా సొట్టలు. మ్యూజియంలో తాడు కట్టి ‘ముట్టుకోరాదు’ అని బోర్డు పెట్టాల్సిన బండ్లు ఇక్కడ బాడుగకు తిరుగుతున్నాయి.

ఇసుకలో గీసిన బొమ్మ

రెండో ప్రపంచయుద్ధం ముగిశాక బ్రిటన్‌లో రోవర్ కంపెనీ ఇంజినీరు మారిస్ విల్క్స్ తన పొలంలో ఓ పాత అమెరికన్ సైనిక జీపు వాడేవాడు. విల్లీస్ జీపు. అది ఎక్కడికైనా వెళ్తుంది, ఏ పనైనా చేస్తుంది. దీన్ని మించిన బండి మనమే ఎందుకు చేయకూడదన్న ఆలోచన వచ్చింది. వేల్స్‌లోని సముద్రతీరంలో ఇసుక మీద కర్రతో బండి బొమ్మ గీసి అన్న స్పెన్సర్‌కి చూపించాడని చెబుతారు. 1948 ఏప్రిల్ 30న ఆమ్‌స్టర్‌డామ్ మోటారు ప్రదర్శనలో ఆ బొమ్మ నిజమైన బండిగా జనం ముందుకొచ్చింది.

యుద్ధంతో ఉక్కు కరవైంది. దాంతో బండి పై భాగాన్ని అల్యూమినియం మిశ్రమ లోహంతో చేశారు. అప్పుడది గతిలేక చేసిన పని. ఆ గతిలేనితనమే ఈ బండికి ఆయుష్షు పోసింది. ఏడాదిలో సగం రోజులు పొగమంచు, వాన, మంచు కురిసే కొండల్లో ఇనుప రేకయితే ఎప్పుడో తుప్పు పట్టి రాలిపోయేది. అల్యూమినియం సొట్ట పడుతుంది కానీ తుప్పు పట్టదు. కింద ఉండే ఛాసిస్ మాత్రం ఉక్కుదే. అందుకే ఇక్కడి మెకానిక్‌లు పాత బండి చూస్తే పైన రంగు చూడరు. కిందకి దూరి సుత్తితో ఛాసిస్‌ను తడతారు. ఖంగుమంటే సరే. బద్దగా మోగితే లోపల తుప్పు తింటోందని అర్థం.

తొలి సిరీస్ బండ్లు 1958 దాకా తయారయ్యాయి. మన దగ్గర ఈ కొండల్లోని తేయాకు తోటల దొరలు వాటిని తెప్పించుకున్నారు. దొరలు వెళ్లిపోయారు. బండ్లు మిగిలాయి. చేతులు మారి మారి కొన్ని మానేభంజంగ్ చేరాయి. గుర్రాలూ మనుషులూ మాత్రమే నడిచే సందక్‌ఫూ దారిలో బియ్యం, కిరోసిన్, కూరగాయలు మోయడానికి ఇవే దిక్కయ్యాయి. ఆ తర్వాత పర్యాటకులు వచ్చారు. 2018లో ల్యాండ్ రోవర్ డెబ్బై ఏళ్ల పండగ చేసుకున్నప్పుడు ఆ కంపెనీవాళ్లు ఈ ఊరిని వెతుక్కుంటూ వచ్చి చిత్రం తీశారు. అప్పటికి ఇక్కడున్న బండ్లు 42 అని లెక్క తేలింది.

టాటా పేరు... మహీంద్రా గుండె

బండి బతకాలంటే విడిభాగాలు కావాలి. ఇంగ్లండులో అరవై ఏళ్ల కిందట ఆగిపోయిన నమూనాకు ఈ కొండల్లో విడిభాగాలు ఎక్కడ దొరుకుతాయి? పైగా మొదట్లో వచ్చిన ల్యాండ్ రోవర్ ఇంజిన్ పెట్రోలుది. 1.6 లీటర్లు, 50 హార్స్ పవర్. మన వీధుల్లో తిరిగే చిన్న కార్లలో చాలావాటికి ఇంతకన్నా ఎక్కువే ఉంటుంది. పెట్రోలు ఖర్చు భరించి బాడుగ బండి నడపడం అయ్యే పని కాదు.

దాంతో ఊరివాళ్లు బండికి గుండె మార్పిడి చేశారు. పెట్రోలు ఇంజిన్ దించేసి, మహీంద్రా జీపుల డీజిల్ ఇంజిన్ ఎక్కించారు. దానికి విడిభాగం కావాలంటే సిలిగురిలో ఏ దుకాణంలోనైనా దొరుకుతుంది. మెకానిక్ కోసం వెతకనక్కర్లేదు. మహీంద్రా జీపు వంశం కూడా ఆ విల్లీస్ జీపుదే. అంటే మారిస్ విల్క్స్ ఏ బండిని చూసి ల్యాండ్ రోవర్ బొమ్మ గీశాడో, తిరిగి తిరిగి ఆ వంశపు బండి ఇంజినే వచ్చి ఇందులో కూర్చుంది. ఇంకో తమాషా ఏమిటంటే 2008లో టాటా మోటార్స్ జాగ్వార్ ల్యాండ్ రోవర్‌ను 230 కోట్ల డాలర్లకు కొనేసింది. అలా ఇప్పుడు ముక్కు మీద పేరు టాటాలది, లోపల కొట్టుకునే గుండె మహీంద్రాది!

వినడానికి తేలికే కానీ ఒక బండి ఇంజిన్ తెచ్చి ఇంకో బండిలో పెట్టడం పెద్ద పని. కొత్త ఇంజిన్‌కీ పాత గేరు బాక్సుకీ బోల్టు రంధ్రాలు కలవవు. రెండింటి మధ్యా లేత్ మీద కోసిన మందపాటి ఇనుప పలక పెట్టి జత చేయాలి. ఆ పలక వెంట్రుకవాసి పక్కకి జరిగినా క్లచ్, బేరింగులు నెలల్లో అరిగిపోతాయి. డీజిల్ ఇంజిన్ బరువెక్కువ, అదురెక్కువ. దాన్ని మోసే దిమ్మెలు కొత్తగా వెల్డింగ్ చేయాలి. ముందువైపు కమాన్ పట్టీలు గట్టివి వేయాలి. రేడియేటర్ పెద్దది కావాలి. ఎందుకంటే గంటకు ఏడెనిమిది కిలోమీటర్ల వేగంతో, ఇంజిన్ మాత్రం గొంతు చించుకుంటూ గంటల తరబడి ఎక్కే బండికి ఎదురుగాలి ఉండదు. ఆ వేడిని ఫ్యాను, నీళ్లే లాగేయాలి.

ఎత్తుకు వెళ్లేకొద్దీ ఇంకో చిక్కు. సందక్‌ఫూలో గాలి పలచన. సముద్ర మట్టం దగ్గర దొరికే గాలిలో సుమారు మూడో వంతు అక్కడ ఉండదు. టర్బో లేని పాత ఇంజిన్ శక్తి కూడా దాదాపు ఆ మేరకు పడిపోతుంది. మనిషికే కాదు, బండికీ ఆయాసం వస్తుందన్నమాట.

ఎర్ర గుండీ... పసుపు గుండీ

మరి సగం ఊపిరితో ముసలి బండి ఆ నిటారు దారి ఎలా ఎక్కుతుంది? రహస్యం డ్రైవరు పక్కనున్న రెండు కడ్డీల్లో ఉంది. మామూలు గేరు కడ్డీ కాకుండా ఎర్ర గుండీతో ఒకటి, పసుపు గుండీతో ఒకటి ఉంటాయి. పసుపు గుండీ నొక్కితే ముందు చక్రాలకూ ఇంజిన్ శక్తి అందుతుంది. ఎర్రగుండీ కడ్డీ కదిపితే గేర్లన్నీ ‘లో’లోకి మారిపోతాయి. ఇంజిన్ అంతే వేగంతో తిరుగుతుంది, చక్రాలు మాత్రం సగం కన్నా నెమ్మదిగా తిరుగుతాయి. వేగం ఎంత తగ్గిందో లాగే బలం అంత పెరుగుతుంది. ఒకటికి మించిన గిలకలు కలిపి బరువు లాగే లెక్కే ఇది. ఎక్కువసేపు లాగు, తక్కువ బలంతో లాగు.

అందుకే ఇక్కడి డ్రైవర్లు ‘పికప్’ గురించి మాట్లాడరు. నాలుగు చక్రాలూ నేలను వదలకుండా ఉన్నాయా, లేదా... అదొక్కటే చూస్తారు. బండి పొడవు మూడున్నర మీటర్లకు కాస్త అటూ ఇటూ, వెడల్పు మీటరున్నరకు కాస్త ఎక్కువ. ఆ పొట్టితనమే వెంట్రుకపిన్నులాంటి మలుపుల్లో కాపాడుతుంది. కొన్ని మలుపుల్లో అది కూడా చాలదు. సగం తిప్పి, వెనక్కి జరిగి, మళ్లీ తిప్పాలి. వెనక్కి జరిగేటప్పుడు వెనక చక్రానికీ లోయకీ మధ్య జానెడు నేల ఉంటుంది. పవర్ స్టీరింగ్ లేదు. డ్రైవర్ల భుజాలు చూస్తే ఆ సంగతి తెలుస్తుంది.

ఆఫ్‌రోడ్ బండి అనగానే మన కుర్రాళ్లకు గుర్తొచ్చేవి ముందర ఇనుప గడ్డీలు, టాపు మీద వరస దీపాలు, మనిషెత్తు టైర్లు. మానేభంజంగ్ బండ్ల మీద అవేవీ కనిపించవు. ఉన్నవన్నీ అవసరం పెట్టించిన హంగులే. వెనక ఎదురెదురుగా రెండు బల్లలు. పట్టుకోవడానికి టాపు కింద కడ్డీలు. టాపు మీద సామాన్ల కేరియర్. సన్నటి టైర్లు. రాళ్ల మధ్య వెడల్పు టైరు కన్నా సన్నటి టైరే దారి వెతుక్కుంటుంది, స్టీరింగ్ తిప్పడానికీ తేలిక. సీటు కింద గొలుసు, తాడు, జాకీ, కమాన్ పట్టీ ఒకటి, ఫ్యాను బెల్టు, నీళ్ల డబ్బా. చక్రం కింద పెట్టడానికి చెక్క దిమ్మె. అంతే. దారిలో చెడిపోతే సందేశం పంపి ఎవరో వస్తారని కూర్చోవడానికి లేదు. ఎవరి బండికి వాళ్లే మెకానిక్.

ఇక్కడి బండ్ల మరమ్మతులో ఒక వరస ఉంది. ముందు బ్రేకులు, తర్వాత స్టీరింగ్, ఆ తర్వాత రేడియేటర్, కమాన్లు, టైర్లు. ఇంజిన్ బలం సంగతి ఆ తర్వాతే. రంగు అన్నింటికన్నా ఆఖర్న. ముందు ఆగడం, తర్వాతే సాగడం!

దిగేటప్పుడు తెలుస్తుంది సత్తా

బండి ఎక్కగానే వినిపించే మొదటి మాట ‘గట్టిగా పట్టుకోండి’. చిత్రే దాటగానే గాలిలో చలి మారుతుంది. మేఘ్‌మా పేరుకు తగ్గట్టే ఎప్పుడూ మబ్బుల్లో మునిగి ఉంటుంది. తుమ్లింగ్ దగ్గర దారి నేపాల్లోకి తొంగి చూసి వస్తుంది. గైరీబాస్ దగ్గర కిందికి దిగి, మళ్లీ ఎక్కుతుంది. ఈ దారి సింగలీలా జాతీయ వనం గుండా వెళ్తుంది. ఏప్రిల్, మే నెలల్లో రోడోడెండ్రాన్ చెట్లు ఎర్రగా, గులాబీగా విరగబూస్తాయి. అదృష్టం బాగుంటే వెదురు పొదల్లో ఎర్రపాండా కనిపిస్తుంది. కాలీపోఖ్రి అంటే నల్లకొలను. దాని పక్కన అందరూ ఆగుతారు. బండికి నీళ్లు, మనుషులకు టీ. బండి బానెట్ మీద చేయి వేసి డ్రైవరు కాసేపు నిలబడతాడు. జ్వరం చూస్తున్నట్టే ఉంటుంది. అక్కణ్నుంచి బిఖేభంజంగ్ మీదుగా చివరి ఎక్కుడు. అన్నింటికన్నా కఠినమైనది అదే.

ఎక్కడం చూసి ఔరా అనుకుంటాం కానీ బండి సత్తా తెలిసేది దిగేటప్పుడు. పాతకాలపు డ్రమ్ బ్రేకులు. వాటినే నమ్ముకుని కాలు తొక్కిపెడితే వేడెక్కి పట్టు వదిలేస్తాయి. అందుకే ఏ గేరులో ఎక్కారో అదే గేరులో దిగుతారు. ఇంజినే బండిని వెనక్కి పట్టి ఉంచుతుంది. బ్రేకు మీద కాలు అప్పుడప్పుడే పడుతుంది. మన ఘాట్ రోడ్ల మీద కారు నడిపేవాళ్లు నేర్చుకోవాల్సిన పాఠమిది.

రాత్రి పైనే ఆగితే ఇంకో తంతు. చలికాలంలో అక్కడ ఉష్ణోగ్రత సున్నాకన్నా కిందికి పోతుంది. రేడియేటర్లో నీళ్లు గడ్డకడితే ఇంజిన్ పగిలిపోతుంది. అందుకని గడ్డకట్టని ద్రవమైనా కలపాలి, రాత్రి నీళ్లయినా వదిలేయాలి. పొద్దున్నే వేడినీళ్లు పోయాలి. బ్యాటరీ చలికి ముడుచుకుంటే సెల్ఫ్ తిరగదు. ముందుచూపున్న డ్రైవరు సాయంత్రమే బండిని వాలులో నిలబెడతాడు. పొద్దున్నే బ్రేకు వదిలితే చాలు... వాలే స్టార్ట్ చేస్తుంది.

సిమెంటు దారి వచ్చాక...

కొన్నేళ్లుగా ఈ దారికి దశలవారీగా సిమెంటు వేస్తూ వచ్చారు. ఒకప్పుడు కొండ మొదలు నుంచీ రాళ్లే ఉన్న చోట ఇప్పుడు చాలాదూరం చదునైన దారి ఉంది. మొదట్లో బొలేరోలు సగం దూరం వచ్చి ఆగేవి. ఇప్పుడు నాలుగు చక్రాల కొత్త బండ్లు పైదాకా వెళ్తున్నాయి. మెత్తటి సీట్లు, అద్దాల కిటికీలు. పిల్లలతో, పెద్దవాళ్లతో వచ్చినవాళ్లు ఏది ఎంచుకుంటారో చెప్పక్కర్లేదు.

దారి బాగుపడటం చెడ్డపనా? కానే కాదు. పైన ఊళ్లలో కాన్పు కష్టమైతే, ఎవరికైనా ఊపిరి ఆడకపోతే... నాలుగు గంటలు రాళ్ల మీద ఎగిరెగిరి పడుతూ దిగాల్సిన రోజులు పోవడం కన్నా మంచి ఏముంటుంది? ఆ సంగతి అందరికన్నా బాగా తెలిసింది ఈ డ్రైవర్లకే. అలాంటి రోగుల్ని కిందికి మోసుకొచ్చింది ఈ బండ్లే మరి.

చిక్కంతా బండికి కాదు, బతుక్కి. ఒక్కో బండి వెనక ఒక్కో కుటుంబం ఉంది. బాడుగలు వంతుల ప్రకారం దొరుకుతాయి. పర్యాటకుల కాలం కొన్ని నెలలే. జూన్ మధ్య నుంచి సెప్టెంబరు మధ్య దాకా వానలకు పార్కు మూసేస్తారు. దానికి తోడు పాత వాహనాల నిబంధనలు. 2021లో కేంద్రం ప్రకటించిన విధానంలో వయసు ఒక్కటే కొలమానం కాదు, ఫిట్‌నెస్ పరీక్ష నెగ్గితే తిరగొచ్చు. కానీ పదిహేనేళ్లు దాటిన బండ్లకు ఆ పరీక్ష రుసుము 2022 ఏప్రిల్ నుంచి బాగా పెరిగింది. వయసు పదిహేనుకు నాలుగు రెట్లు దాటిన బండి అందులో నిలవాలంటే ఏటేటా పెట్టే ఖర్చు మామూలుగా ఉండదు.

బండి పోతే పోయేది ఇనుమొక్కటే కాదు. చప్పుడు విని ఏ బేరింగు అరిగిందో చెప్పే చెవి, దొరకని భాగాన్ని లేత్ మీద తయారుచేయించుకునే నేర్పు, జానెడు నేల మీద చక్రం నిలిపే గుండెనిబ్బరం కూడా పోతాయి. ఇవి ఏ ఐటీఐలోనూ పాఠంగా చెప్పరు. తాత పక్కన తండ్రి, తండ్రి పక్కన కొడుకు కూర్చుని నేర్చుకున్నవి. కొడుకులు ఇప్పుడు ఆ సీటులో కూర్చోవాలా, సిలిగురి వెళ్లి కొత్త బండి కిస్తీ కట్టుకోవాలా అన్నది ఆ ఊరి ముందున్న ప్రశ్న.

మనకూ ఓ మాట

ఇలాంటి బతుకులు మనకు కొత్తేం కాదు. అరకు వెళ్లినవాళ్లు కటికి జలపాతం దారిలో తిరిగే జీపులు ఎక్కే ఉంటారు. అక్కడా అంతే, కొత్త కారు వెళ్లని చోటికి పాత జీపే దిక్కు.

ఇవన్నీ చూసి, పాత జీపు కొని మార్పులు చేయించుకోవాలని సరదాపడే కుర్రాళ్లు మన ఊళ్లలోనూ పెరుగుతున్నారు. వాళ్లు ముందు చట్టం తెలుసుకోవాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019లో సుప్రీంకోర్టు కూడా ఇదే స్పష్టం చేసింది. ఇంజిన్ మార్చాలంటే ముందు రవాణాశాఖ అనుమతి తీసుకుని, రిజిస్ట్రేషన్ కాగితాల్లో రాయించుకోవాలి. ముందర బిగించే ఇనుప గడ్డీలు కూడదని కేంద్రం 2017లోనే రాష్ట్రాలకు రాసింది. కాగితాల్లో లేని మార్పులు చేయిస్తే ప్రమాదం జరిగినప్పుడు బీమా పరిహారానికీ చిక్కులు తప్పవు.

చట్టం సరే. అంతకన్నా పెద్ద పాఠం మానేభంజంగ్ బండ్లదే. అక్కడ ఏ మార్పూ చూసేవాళ్ల కోసం చేసింది కాదు. దారి అడిగింది, బండి ఇచ్చింది. దారి మారుతోంది. రేపు అది ఏం అడుగుతుందోనని వీధిలో వరసగా నిలబడి ఎదురుచూస్తున్నాయి ఆ ముసలి బండ్లు.

వెళ్లాలంటే...

* మనవైపు నుంచి రైల్లో న్యూ జల్పాయ్‌గుడి చేరుకోవాలి. కన్యాకుమారి - డిబ్రూగఢ్ వివేక్ ఎక్స్‌ప్రెస్ విజయవాడ, విశాఖపట్నం మీదుగా వెళ్తుంది. విమానంలో అయితే బాగ్‌డోగ్రా.

* అక్కణ్నుంచి డార్జిలింగ్ వెళ్లే జీపులు దొరుకుతాయి. డార్జిలింగ్ నుంచి ఘూమ్, సుఖియాపోఖ్రి మీదుగా మానేభంజంగ్ గంటన్నర ప్రయాణం.

* ల్యాండ్ రోవర్లను మానేభంజంగ్‌లోనే యజమానుల సంఘం దగ్గర మాట్లాడుకోవాలి. పాత బండి కావాలని ముందే చెప్పాలి. పార్కు ప్రవేశ రుసుము అదనం. గుర్తింపు కార్డు తప్పనిసరి.

* శిఖరాలు తేటగా కనిపించేది అక్టోబరు, నవంబరుల్లో. పూల కోసమైతే ఏప్రిల్, మే.

* ఒక్కరోజులో అంత ఎత్తుకు వెళ్తే తలనొప్పి, వికారం రావచ్చు. దారిలో తుమ్లింగ్‌లో ఒక రాత్రి ఆగితే మంచిది. గుండెజబ్బు, ఆస్తమా ఉన్నవాళ్లు డాక్టర్ని అడిగాకే బయల్దేరాలి. నడుంనొప్పి ఉన్నవాళ్లు పాత బండి ముచ్చట మానుకుని కొత్త బండి ఎక్కడమే మేలు!